స్టీలు గ్లాసు కింద గొర్రెపిల్ల

మిషన్ ఆగితే కథ ఆగిపోతుంది. ఆ సంగతి రిహానా కనిపెట్టి కొన్నాళ్లయింది.

అందుకే ఆ సాయంత్రం జాకెట్టు కుట్టడం అయిపోయినా ఆమె మిషన్ దగ్గర నుంచి లేవలేదు. సూదిలోంచి దారం తీసేసి, కింద పాత గుడ్డపేలిక పెట్టి, ఊరికే తొక్కుతూ కూర్చుంది. వీపు వెనక టకటకమని చప్పుడు వినపడుతున్నంతసేపూ అమ్మీ పనిలో ఉన్నట్టే ఇర్ఫానా లెక్క. అప్పుడే నోరు విప్పుతుంది.

ఇర్ఫానాకు నాలుగు నిండి ఐదు నడుస్తోంది. ఈ జూన్‌లో బడిలో వేయాలి. గడప పక్కన చల్లటి బండల మీద బోర్లా పడుకుని బొమ్మలతో ఆడుకుంటోంది. రిహానా పనిచేసే పలకల ఫ్యాక్టరీలో విరిగిపోయిన పలకముక్కలు పారేస్తారు. ఆమె తెచ్చిన ఆ ముక్కలు నిలబెట్టి, ఇర్ఫానా గుండ్రంగా దొడ్డి కట్టింది. దొడ్డిలో ఏనుగు, ఆవు, ఒంటె, జిరాఫీ, పులి, తెల్లటి చిన్న గొర్రెపిల్ల. తండ్రి జహీర్ దోర్నాలలో శ్రీశైలం రోడ్డు మీది హోటల్లో వంటమాస్టరు. వారానికొకసారి ఇంటికి వస్తాడు. యాత్రికుల కోసం రోడ్డు పక్కన పెట్టే బొమ్మల బండి దగ్గర అతను కొన్న ప్లాస్టిక్ జంతువులవి. గొర్రెపిల్ల చెవి ఒకటి అప్పుడే కొరుక్కుతినేసింది పిల్ల.

"అవ్వా, నేను బయటికి పోతా" అంది గొర్రెపిల్ల, ఇర్ఫానా సన్నగొంతుతో.

"యాడికీ పోగూడదు. అమ్మ వచ్చిందాక ఈడనే ఉండాల" అంది ఒంటె. ఆ గొంతు బొంగురుగా ఉంది.

ఇర్ఫానా గొర్రెపిల్లను బండ మీద నిలబెట్టి, దాని మీద స్టీలు గ్లాసు బోర్లించింది. గ్లాసు మీద పలకముక్క బరువు పెట్టింది. ఒంటెను దాని పక్కన కూర్చోబెట్టి గ్లాసుకు నోరు ఆనించింది.

"అరవగూడదు. అరిస్తే తోడేలు వింటాది."

పులిని తోడేలు చేసి గ్లాసు చుట్టూ తిప్పింది. లోపలి నుంచి గొర్రెపిల్ల ఒక్కమాట అనలేదు.

రిహానా కాలు తడబడింది. మిషన్ గొణిగి ఆగింది. వెంటనే ఇర్ఫానా గ్లాసెత్తి, గొర్రెపిల్లను గుప్పిట్లో దాచేసి, ఏనుగుతో ఏదో పాట పాడించడం మొదలుపెట్టింది.

ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది ఉర్దూ. ఇర్ఫానా అమ్మీ అన్నా, అబ్బా అన్నా, అన్నం వద్దని మొండికేసినా అందులోనే. కానీ ఈ ఆట మొదలైనప్పటి నుంచీ బొమ్మలన్నీ తెలుగే మాట్లాడుతున్నాయి. అదీ ఇరుగుపొరుగు తెలుగు కాదు. 'ఉండాల', 'వింటాది' అని లాగిలాగి పలికే ఆ బొంగురు గొంతు ఎవరిదో రిహానాకు తెలుసు. కాలనీ చివరింటి విశ్వాసమ్మది. రోజూ పొద్దున రిహానా తన బిడ్డను వదిలి వెళ్లేది ఆమె దగ్గరే.

ఆ ఇల్లు దాటితే కంది చేలు, ఆ పైన కొండ. విశ్వాసమ్మ భర్త ఏబేలు పొద్దున్నే మేకలను కొండకు తోలుకుపోతే దీపాలవేళకు గానీ రాడు. పిల్లను చూసుకోవడానికి మనిషి కోసం రిహానా వెతుకుతున్నప్పుడు, "నేను ఎట్లాగూ ఇంటికాడనే పడుంటా గదమ్మాయ్, తెచ్చి దింపిపో" అన్నది ఆ అవ్వే. బదులుగా ఏమీ వద్దంది. అప్పుడు రిహానాకు ప్రాణం లేచివచ్చినట్టయింది. గిద్దలూరులో అత్త గౌసియాబీ మాత్రం ఫోన్లో ఒకటే మాట. "ఊరికే ఒకరి బిడ్డను ఇంకొకరు ఎందుకు చూస్తారు? పిల్లను నా దగ్గర వదలండి. బడిలో నేనే వేస్తా."

జహీర్ ఎటూ తేల్చలేదు. "చూద్దాం. ఏదైనా తేడా వస్తే గిద్దలూరు పంపిద్దాం" అన్నాడు. ఆ తేడా అనే మాట అప్పటి నుంచీ రిహానా చెవిలో ఉండిపోయింది. తేడా వచ్చిందని తను నోరు తెరిచిన రోజు బిడ్డ గిద్దలూరులో ఉంటుంది, తను ఇక్కడ ఉంటుంది.

మిషన్ పక్కకు నెట్టి ఆమె కూతురి దగ్గర కూర్చుంది.

"గొర్రెపిల్లను గ్లాసు కింద పెట్టమని ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరూ లేదు. అది కథ."

"అవ్వ నిన్ను కూడా అట్ల పెడుతుందా?"

ఇర్ఫానా ఒంటె వైపు చూసింది. తర్వాత తల్లి వైపు చూసింది. "నువ్వు కుట్టుకో అమ్మీ" అంది.

తల దువ్వుతుంటే జుట్టులో ఎండిన ఆకుల నలుసులు దొరికాయి. మోచేతి కింద చర్మం మీద అడ్డం, నిలువు గీతలు అచ్చుపడి ఉన్నాయి. చాప మీద పడుకున్నావా అంటే లేదంది. మరేంటివి అంటే చేయి లాక్కుని గౌనులో దాచుకుంది.

మరునాడు పొద్దున రిహానా కాస్త ముందే బయలుదేరింది. విశ్వాసమ్మ ఇంటి ముందు రోజూ బిడ్డను దింపి, అటు నుంచే ఆటో ఎక్కేది. ఎన్నడూ లోపలికి తొంగి చూసింది లేదు. ఆ రోజు గుమ్మం దాకా పోయి నిలబడి కళ్లతో ఇల్లంతా వెతికింది. లోపలి గది తలుపుకు గొళ్లెం బయటి వైపు ఉంది. పెరట్లో గోడకు ఆనించి పెద్ద వెదురు గంప ఉంది. కోళ్లను మూసే గంప అనుకుంది. మరుక్షణం ఆ ఇంట్లో కోడి అన్నది లేదని గుర్తొచ్చింది. అదీగాక కోళ్ల గంప అంత పెద్దదిగా ఉండదు. ఆ గంపలో ఒక మనిషి మోకాళ్లు ముడుచుకుని కూర్చోవచ్చు.

"ఏందమ్మాయ్, ఇంకా నిలబడ్డావు? ఆటో పోతాది" అంది విశ్వాసమ్మ చీపురు పక్కన పెడుతూ.

"పాప సతాయిస్తుందా అవ్వా?"

"సతాయించేదానికి నోరు లేస్తే గదా. కూకోబెడితే కూకున్నట్టే ఉంటాది, చప్పుడు చెయ్యదు. నా మనవడు యోబు గాడైతే ఇల్లు పీకి పందిరేసేటోడు."

"ఇంట్లో అంత నెమ్మది కాదు. ఇక్కడెందుకు చప్పుడు చేయదు?"

"ఈడ దాని పని దానికి ఉంటాది" అంది అవ్వ, ఇర్ఫానాను చూస్తూ. ఇద్దరి కళ్లూ ఒక్కసారి కలుసుకున్నాయి. ఇర్ఫానా పెదవులు గట్టిగా బిగించింది. అవ్వ చప్పున మొహం తిప్పుకుంది. ఆ చూపు రిహానా మనసులో ముల్లులా దిగింది. పెద్ద మనిషికీ పసిపిల్లకూ మధ్య తల్లికి తెలియని సంగతి ఏం ఉంటుంది?

ఫ్యాక్టరీలో పలకలను సైజుల వారీగా పేర్చి పెట్టెలకెత్తడం ఆమె పని. ఆ రోజు చిన్నవి పెద్దవాటిలో కలిపేసింది. పక్కన పనిచేసే ఫెబీ, "ఏంది వదినా, మనిషివి ఈడ, మనసు దోర్నాల హోటల్లో ఉండాదా?" అని నవ్వింది. రిహానా నవ్వలేకపోయింది.

సాయంత్రం మళ్లీ దారం లేని మిషన్ తొక్కుతూ కూర్చుంది.

ఈసారి గ్లాసు కింద గొర్రెపిల్ల ఒక్కటే లేదు. దానికి తోడు రెండు గుండీలు, ఒక చింతగింజ ఉన్నాయి. అవన్నీ పిల్లలట. ఆటలో పొద్దు గుంకింది. ఏనుగు వచ్చింది, గ్లాసు చుట్టూ వాసన చూసి తన గుండీని తీసుకుపోయింది. ఆవు వచ్చి ఇంకో గుండీని తీసుకుపోయింది. చింతగింజకు పులే అమ్మ అయింది. ఆ ఒక్క పూటకి తోడేలు పని మానేసింది.

గ్లాసు కింద గొర్రెపిల్ల మిగిలింది.

"మా అమ్మ మెడ కనపడతాందా అవ్వా?"

"ఇంకా లేదు."

"మా అమ్మ మెడ పొడుగు. దూరం నుంచి కూడా కనపడతాది."

"లేదు పాపా. నువ్వు చప్పుడు చెయ్యొద్దు."

జిరాఫీ మిషన్ కాళ్ల దగ్గర, అందరికీ దూరంగా పడి ఉంది. రిహానా దాన్ని చూసి కూడా తొక్కడం ఆపలేదు. అప్పుడే జహీర్ ఫోన్ చేశాడు.

"పాప ఎట్లుంది? అమ్మ రోజూ అడుగుతోంది."

"బాగుంది. ఆడుకుంటోంది" అంది రిహానా.

"నీ గొంతేంటి అట్ల ఉంది?"

"మిషన్ చప్పుడుకు" అని పెట్టేసింది.

మరునాడు మధ్యాహ్నం ఇంట్లో పని ఉందని సూపర్‌వైజర్‌కు చెప్పి ఆటో ఎక్కింది. కాలనీ మొదట్లోనే దిగి నడిచింది. ఎండకు వీధిలో కుక్క కూడా లేదు. విశ్వాసమ్మ ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. చెప్పులు చేత పట్టుకుని గోడ పక్క సందులోంచి పెరట్లోకి పోయింది.

వేపచెట్టు నీడలో ఆ పెద్ద గంప బోర్లించి ఉంది. గంప మీద రాయి. గంప పక్కన విశ్వాసమ్మ నేల మీద కూర్చుని, గంప అల్లికలోంచి వేలు లోపలికి పెట్టి, కళ్లు మూసుకుని ఉంది.

"అవ్వా, తోడేలు పోయిందా?" అని గంపలోంచి ఇర్ఫానా గొంతు వచ్చింది.

"యాడ పోయింది. కంది చేలో పండుకొని ఉండాది. నోరు మూసుకో" అంది విశ్వాసమ్మ.

ఆ తర్వాత రిహానాకు తను ఏం చేసిందో సరిగా గుర్తులేదు. రాయి దూరంగా పడింది. గంప పక్కకు దొర్లింది. "నా బిడ్డను గంప కింద మూస్తావా? రాయి పెడతావా? నిన్ను నమ్మి దింపినందుకా? దీనికన్నా గిద్దలూరు పంపినా బాగుండేది" అని అరిచింది. ఆమె గొంతు అంత పైకి లేస్తుందని ఆ వీధిలో ఎవరికీ తెలియదు.

గంప లేచీ లేవగానే లోపలి నుంచి మేకపిల్లలు నాలుగు వైపులా దూకాయి.

"పిల్లలు, పిల్లలు పోతన్నాయి" అంటూ విశ్వాసమ్మ వాటి వెనక పరిగెత్తింది. చూశావా, ఈమెకు నా బిడ్డ కన్నా మేకలు ఎక్కువ అనుకుంది రిహానా. అనుకుంటూ కూతురిని ఎత్తుకోబోయింది. ఇర్ఫానా ఆమె చేతులు తోసేసింది. ఒళ్లంతా వేపాకు నలుసులు. ఒక చేతిలో చెవి లేని గొర్రెపిల్ల.

"ఎందుకు తీసినావు? ఇంకా పొద్దు గుంకలే. అమ్మలు ఇంకా రాలే" అని ఏడ్చింది, తెలుగులో.

పక్కింటి పాల్ రాజు భార్య గోడ మీంచి తల పెట్టింది. "ఏందత్తా, పిల్లను గంపలో బెట్టుకొని అమ్మేదానికి బోతన్నావా?" అని వేళాకోళం చేసింది. విశ్వాసమ్మ చంకలో ఒక పిల్లను ఇరికించుకుని, రెండోదాని కాలు పట్టుకుని వస్తోంది. చెమటకు జాకెట్టు వీపుకు అంటుకుపోయింది.

పట్టుకున్న పిల్లలను మళ్లీ గంప కింద మూసి, రాయి పెట్టి, అప్పుడు రిహానా వైపు తిరిగింది.

"తల్లులు కొండకు పోతే పిల్లల్ని ఇట్లనే మూస్తాము. వదిలేస్తే తల్లి ఎంటబడి పోతాయి. అంత దూరం నడవలేవు, కంపల్లో పడితే నక్క ఎత్తుకపోతాది. మా అమ్మ ఇట్లనే మూసింది, మా అత్త ఇట్లనే మూసింది. మేకల ఇంట్లో ఎవుర్ని అడిగినా చెప్తారు."

రిహానా మార్కాపురం బజారులో దుకాణాల మధ్య పుట్టి పెరిగింది. మేకంటే ఆమెకు పండగ ముందు ఇంటికి వచ్చేది, అంతే. పిల్లలను పగలు గంప కింద మూస్తారని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"మరి పాప ఎందుకు అందులో?" అంది. గొంతు ఇంకా దిగలేదు.

"మొదటి దినం నువ్వు ఆటో ఎక్కినాక ఒకటే ఏడుపు. నాకేం తోచలే. గంప కాడికి తెచ్చి, ఇయ్యి సూడు పాపా, ఈటి అమ్మలు కూడా పోయినాయి, పొద్దు గుంకినాక వస్తాయి అన్నా. నేను గూడా ఈటితో ఉంటా అనింది. అప్పటి నుంచి అదే ఆట. రాయి పెట్టకుంటే ఒప్పుకోదు, తోడేలు వస్తాదంట. అందుకే నేను వేలు లోపల పెట్టి కూకుంటా. నా వేలు పట్టుకొని ఉంటాది. అమ్మకు చెప్పొద్దు అవ్వా, చెప్తే ఆట పోతాది అనింది. చెప్పలే."

రిహానాకు అల్లికలోంచి లోపలికి పోయిన ఆ వేలు గుర్తొచ్చింది. అప్పుడు చూసి కూడా అది ఎందుకో ఆలోచించలేదు.

"చుక్కది లేదు" అంది విశ్వాసమ్మ ఉన్నట్టుండి, గంపలోకి వంగి చూసి. నుదుట తెల్లచుక్క ఉన్న మేకపిల్ల. అన్నిటికన్నా చిన్నది.

పొద్దు వాలేదాకా వెతికారు. కంది చేలో, కాలువ గట్టున, రోడ్డు మీద. రిహానా ఫ్యాక్టరీ చీరతోనే కంపల్లో దూరింది. విశ్వాసమ్మ ఎదురుపడినప్పుడల్లా చూపు తప్పించి పక్క దారి పట్టింది. ఇర్ఫానా మాత్రం గంప దగ్గర నుంచి కదలలేదు. "చుక్కది యాడికీ పోదు. వాళ్లమ్మ వచ్చి పిలుస్తాది" అని కూర్చుంది.

ఏబేలు మేకలను తోలుకుని వచ్చాడు. విశ్వాసమ్మ గంప ఎత్తింది. తల్లులు అరుస్తూ వచ్చి, వాసన చూసి, తమ తమ పిల్లలను తీసుకున్నాయి. ఒక గోధుమరంగు మేక మాత్రం గంప చుట్టూ తిరిగి, ఖాళీ నేలను వాసన చూసి, తల ఎత్తి పిలిచింది. మళ్లీ పిలిచింది. పెరటి కంచె కింది నుంచి సన్నగా జవాబు వచ్చింది. ఇంతసేపూ అక్కడే, తాము పదిసార్లు తిరిగిన చోటే, చప్పుడు చేయకుండా నక్కి ఉంది. ఏబేలు ముళ్లకంప ఎత్తి దాన్ని బయటికి లాగాడు. చెవి కొద్దిగా చీరుకుపోయింది.

విశ్వాసమ్మ ఆ చెవికి పసుపు అద్దుతూ, తల ఎత్తకుండానే అంది. "పిల్లను తీసుకపో అమ్మాయ్. రేపటి నుంచి నా కాడ వద్దు. గిద్దలూరే మేలంటివి గదా. నలుగురూ విన్న మాట. ఆదివారం చర్చికాడ సంగంలో ఇదే మాట నడుస్తాది."

ఇంటికి వచ్చాక రిహానా అన్నం వండింది. జహీర్‌కు ఫోన్ చేయాలి. చేతిలోకి తీసుకుని మళ్లీ పక్కన పెట్టింది. కూతురు గడప దగ్గర బొమ్మలు పరుచుకుంది. ఈసారి రిహానా మిషన్ ముట్టుకోలేదు. అయినా ఇర్ఫానా కథ ఆపలేదు.

జిరాఫీ వచ్చింది. పగలే వచ్చింది. గ్లాసును తన్నింది. పిల్లలన్నీ పారిపోయాయి. ఒంటె ఒక మూలకు పోయి గోడవైపు తిరిగి కూర్చుంది. అంతే. ఇర్ఫానా జిరాఫీని చేత్తో పట్టుకుని కదలకుండా ఉండిపోయింది.

"తర్వాత?" అంది రిహానా.

"ఏమీ లేదు."

"జిరాఫీ ఒంటెతో ఏమీ అనలేదా?"

"ఇంకా అనలేదు."

రిహానా వంగి జిరాఫీని తీసుకుంది. దాన్ని ఒంటె ముందు పెట్టి, పొడుగు మెడ బండకు తాకేలా వంచింది. "అవ్వా, నాతో మాట్లాడు" అంది. "ఇప్పుడు ఒంటె ఏమంటుంది?"

ఇర్ఫానా ఒంటె మొహంలోకి చూసింది. "నాకు తెలీదు అమ్మీ. అవ్వనే అడగాల" అంది.

అన్నం గిన్నె మీద మూత పెట్టి, బిడ్డనూ రెండు బొమ్మలనూ తీసుకుని బయలుదేరింది.

విశ్వాసమ్మ వాకిట్లో లైటు కింద చింతపండు గింజలు తీస్తోంది. ఏబేలు మంచం మీద కూర్చుని కాళ్లకు నూనె రాసుకుంటున్నాడు. ఇర్ఫానా పోయి చింతపండు చాట పక్కన జిరాఫీని, ఒంటెను ఎదురెదురుగా నిలబెట్టింది.

"ఏందియ్యి?" అంది విశ్వాసమ్మ.

"జిరాఫీ నేను" అంది రిహానా, నేల మీద కూర్చుంటూ.

"మరి ఈ గూని దయ్యం ఎవురు?"

ఏబేలు మంచం మీంచి వంగి చూసి, "గూని గూడా సరిగ్గా పెట్టినారు" అన్నాడు.

"నువ్వు నోరు మూసుకొని కాళ్లు రాసుకో" అంది విశ్వాసమ్మ. కానీ ఒంటెను చేతిలోకి తీసుకుని లైటు కింద తిప్పి చూసింది.

"పాప ఆడుకుంటుంటే చాటుగా విన్నా అవ్వా" అంది రిహానా. "దారం లేని మిషన్ తొక్కుకుంటా విన్నా. నిన్నొక్కదాన్నే అడగలా."

విశ్వాసమ్మ గింజ ఒకటి తీసి పక్కన వేసింది. ఇంకొకటి తీసింది. "బిడ్డ కాడ తల్లికి అనుమానం రాకుంటే అది తల్లే కాదు. దానికి నాకు కోపం లేదు. అడిగినావంటే గంప ఎత్తి చూపిచ్చేదాన్ని గదా. వీధంతా వినేటట్టు అరిచినావు సూడు, అది దిగదు నాకు."

"వీధంతా వినేటట్టు మళ్లీ ఏం చెప్పమన్నా చెప్తా."

"ఏం చెప్పాల్సిన పన్లే." అవ్వ ఒంటెను జిరాఫీ పక్కన దించింది. "రేపు తెల్లారి తొందరగా రా. ఏబేలు మేకల్ని తోలినాక పిల్లల్ని గంప కిందికి తోసేది నువ్వే. రాయి పెట్టేది నువ్వే. పొద్దు గుంకినాక వచ్చి తీసేది గూడా నువ్వే. పాల్ రాజు పెండ్లాం గోడెక్కి చూడనీ. నేను ముట్టను."

పొద్దున పాల్ రాజు భార్య నిజంగానే గోడ దగ్గర ఉంది. రిహానా ఒక్కో మేకపిల్లనూ గంప కిందికి నెట్టింది. చెవికి పసుపుతో చుక్కది ముందు పోయింది. వాటి వెనక ఇర్ఫానా మోకాళ్ల మీద దూరి, గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని సర్దుకుంది. గంప వాలింది. వెదురు సందుల్లోంచి బిడ్డ మొహం గళ్లు గళ్లుగా కనపడింది. రిహానాకు చేతులు రాలేదు. అన్నీ తెలిశాక కూడా, విశ్వాసమ్మ ఎక్కడ కూర్చుంటుందో, ఎంత దూరంలో కూర్చుంటుందో ఒకసారి చూసుకుంది. అవ్వ అది గమనించి, కావాలనే పీట ఇంకాస్త దగ్గరకు జరుపుకుని, వేలు అల్లికలోకి పెట్టింది.

రిహానా చిన్న రాయి ఒకటి వెతికి గంప మీద పెట్టింది.

"అది చాలదు అమ్మీ" అంది లోపలి నుంచి గొంతు. "పెద్దది పెట్టు. నువ్వు వచ్చేసరికి చాలా పొద్దుపోతుంది."

ఆమె రెండు చేతులతో పెద్ద రాయి ఎత్తుకొచ్చి పెట్టింది. వంగి, వెదురు సందులో ముక్కు పెట్టి, బిడ్డ నెత్తి వాసన చూసింది. రోడ్డు మీద ఆటో హారన్ కొట్టింది.

"పో. పోతాది" అంది విశ్వాసమ్మ.